మాటలేని ధ్వని

గీతాది శబ్దాలు వాచకాలు కాకపోయినా రసాన్ని స్ఫురింపజేస్తాయని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో అంగీకరించినాడు. వాద్యప్రధానమైన రాక్ సంగీతపు తొలినాళ్లలో ఆ సిద్ధాంతానికి నిదర్శనంగా నిలిచినవాడు అమెరికన్ గిటారు విద్వాంసుడు లింక్ రే (1929–2005). క్షయవ్యాధి ఆయన ఊపిరితిత్తులలో ఒకదానిని హరించింది; పాట కష్టమైనప్పుడు గిటారే ఆయన కంఠమయింది. ధ్వనివర్ధకపు పొరకు పెన్సిలుతో తూట్లు పొడిచి, తీగనాదానికి కావాలనే బొంగురుతనం తెచ్చినాడు. 1958లో వెలువడిన ఆయన ‘రంబుల్’లో ఒక్క మాటైనా లేదు. అయినా అది యువకులను దౌర్జన్యానికి పురికొల్పుతుందని కొన్ని రేడియో కేంద్రాలు ప్రసారం మానివేసినవి. ఆ పేరుకు వీథిముఠాల కొట్లాట అనే అర్థం ఉన్నమాట నిజమే. కాని పేరు తెలియని శ్రోతకు సైతం ఆ మందగమనంలో పొంచి ఉన్న ముప్పు వినిపిస్తుంది. నిషేధించినవారు ఒక విధంగా సహృదయులే. పదం లేనిచోట అర్థాన్ని గ్రహించినారు. వారి తప్పు వినడంలో లేదు, విన్నదానికి భయపడడంలో ఉంది.