పన్నెండు ప్రశ్నల పట్టిక

దగ్గినా తుమ్మినా మూత్రము జారు స్త్రీకి శస్త్రచికిత్స చేసిన పిదప బట్ట తడియకున్న చాలునా? దాంపత్యసుఖమును గూడ విచారింపవలెనని 2003లో అమెరికా వైద్యులు పన్నెండు ప్రశ్నల పట్టిక కూర్చిరి. కలయికలో మూత్రము జారునా, ఆ భయముచే దూరముగా నుందురా, నొప్పి కలదా అని అది అడుగును.

2009లో ప్రకటితమైన అమెరికా పరిశీలనలో, చికిత్స జరిగిన రెండేండ్లకు సగటు మార్కులు 48కి సుమారు 32 నుండి 37కు పెరిగినవి. సంతోషమే. కాని ఈ పట్టిక దాంపత్యము సాగించు స్త్రీలకే వర్తించును. భయముచే మానుకొన్నవారు లెక్కకు రారు. ఇది పెద్ద లోపము. 2013 నాటి కొత్త పట్టిక వారిని చేర్చుకొని దానిని సవరించినది.

అయినను, జన్వాడ వంటి పల్లెలో ఇట్టి సంగతి తనంతట చెప్పుకొనుట స్త్రీకి కష్టము. శస్త్రచికిత్సకు ముందును, తరువాతను వైద్యురాలే తెలుగులో, చాటుగా అడుగవలెను.