ఉప్పునీటి అక్వేరియంలో తొలి చేప

ఉప్పునీటి అక్వేరియం ఏళ్ల తరబడి నిలుస్తుందా, కొద్ది నెలల్లోనే మూలపడుతుందా అన్నది చాలావరకు అందులో మొట్టమొదట విడిచే చేప మీద, దాన్ని విడిచే సమయం మీద ఆధారపడి ఉంటుంది. బళ్లారి పక్కనున్న సంగనకల్లు కొండలు ఏ తీరానికైనా దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పటికీ, నేటి తొట్లలోని నీరు శుద్ధి చేసిన మంచినీటిలో లవణాలు కలిపి తయారు చేసుకొనేదే కావడం వల్ల విశాఖలో సాధ్యమైనది ఇక్కడా సాధ్యమే. ఈ విద్యతో ఈ ప్రాంతానికి దూరపు చుట్టరికం కూడా ఉంది. సంగనకల్లు నవీన శిలాయుగపు ఆనవాళ్లను పరిశీలించిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ సేకరణ 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి చేరినప్పుడు దాని అధికారిగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్, మన్నారు సింధుశాఖలోని సముద్రజీవులను కూడా అధ్యయనం చేసినవాడు. ఆయన చొరవతో రూపుదిద్దుకొని 1909లో మెరీనా తీరాన తెరుచుకొన్న అక్వేరియం మన దేశంలో ప్రజల కోసం ఏర్పడిన తొలి అక్వేరియంగా పేరు పొందింది. అప్పటికి బళ్లారి కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లాయే; మైసూరులో కలిసింది 1953లో.

చేప కంటే ముందు నీటి సంగతి తేల్చుకోవాలి. బోరునీటిని ఆర్ఓ యంత్రంలో శుద్ధి చేసి, అందులో కరిగి ఉన్న లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో అంకె సున్నాకు దగ్గరగా వచ్చాకే వాడాలి. ఆ నీటిలో కలపవలసింది వంట ఉప్పు కాదు. సోడియంతో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు సముద్రంలోని పాళ్లలోనే ఉండే అక్వేరియం ఉప్పు. లీటరు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటే దానిని 35 పీపీటీ సాలినిటీ అంటారు; కోస్తా రొయ్యల రైతులకు నిత్యం నోట్లో నానే మాట ఇది. 200 లీటర్ల తొట్టిలో ఈ లెక్కన 7 కిలోల లవణం ఉంటుంది. బళ్లారి ఎండలకు అందులో 10 లీటర్లు ఆవిరైతే నీరు పోతుంది గాని ఉప్పు పోదు కనుక, అదే 7 కిలోలు 190 లీటర్లలో మిగిలి సాలినిటీ 36.8కి చేరుతుంది; అందువల్ల తగ్గిన మేరకు రోజూ ఉప్పు కలపని ఆర్ఓ నీటినే పోయాలి. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ఇమిడే ఆక్సిజన్ తగ్గిపోతుంది గనుక, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో తొట్టి నీటిని 24 నుంచి 27 డిగ్రీల మధ్య నిలిపే చిల్లర్‌ను, కరెంటు పోయినా ఆడే బ్యాటరీ గాలిపంపును సమకూర్చుకొన్నాకే చేప మాట ఎత్తడం మంచిది.

నీరు సిద్ధమైనా తొట్టి సిద్ధమైనట్లు కాదు. చేప మొప్పల నుంచి, విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక జాతి బ్యాక్టీరియా దానిని నైట్రైట్‌గా, మరో జాతి ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ సూక్ష్మజీవులు ఫిల్టరులోనూ రాళ్లలోనూ స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దరిదాపుల్లో ఉండటం వల్ల అమ్మోనియాలో విషరూపంలో ఉండే భాగం మంచినీటి తొట్టిలో కంటే ఎక్కువ. మంచినీటి చేపలతో అనుభవమున్నవారు కూడా ఇక్కడ దెబ్బతినడానికి ఇదే కారణం. చేప లేకుండానే, పచ్చి రొయ్య ముక్కనో కొద్దిగా అమ్మోనియం క్లోరైడునో వేసి ఈ బ్యాక్టీరియాను పెంచవచ్చు. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగి, నైట్రేట్ మాత్రమే కనిపించిన నాడు తొట్టి చేపను స్వీకరించడానికి తయారైనట్లు.

ఈ నిరీక్షణను తప్పించుకోవడానికే ఒకప్పుడు డామ్సెల్ చేపలను మొదట విడిచే పద్ధతి వచ్చింది. నీలి మెరుపుతోనో తెలుపు నలుపు చారలతోనో ఉండే ఈ చిన్న చేపలు చవక, మొండివి. అమ్మోనియాను తట్టుకొని బతుకుతాయని వాటిచేత తొట్టిని పరీక్షించేవారు. ఈ పద్ధతి రెండు విధాల తప్పు. నీటి గుణాన్ని కొన్ని రసాయనపు చుక్కలు చెప్పగలిగినప్పుడు ఒక ప్రాణి మొప్పలను కాల్చి తెలుసుకోవడం అనవసరమైన హింస. రెండోది, బతికిన డామ్సెల్ తొట్టినంతటినీ తన హద్దుగా చేసుకొని, ఆ తర్వాత వచ్చిన ప్రతి చేపనూ తరిమి, రెక్కలు చీల్చి, మేతకు రానివ్వకుండా చేస్తుంది. దానిని బయటకు తీయాలంటే రాళ్లన్నీ పీకవలసిందే. ఓర్పు గలదే కాక, తర్వాత వచ్చేవాటిని కూడా బతకనిచ్చే చేపకు తొలి స్థానం దక్కాలి.

ఆ లెక్కలో ముందు నిలిచేది ఒసెల్లారిస్ క్లౌన్ ఫిష్. నారింజ రంగు ఒంటి మీద మూడు తెల్లని పట్టీలతో, సుమారు 8 సెంటీమీటర్ల వరకు పెరిగే ఈ చేప అండమాన్ సముద్రంలోనూ ఉంది. సముద్రంలో ఇది ఎనిమోన్ అనే జీవి టెంటకిల్స్ మధ్య నివసిస్తుంది గాని, తొట్టిలో ఎనిమోన్ లేకపోయినా సుఖంగానే ఉంటుంది. క్లౌన్ చేపలన్నీ మొదట మగవిగానే ఎదుగుతాయి. గుంపులో పైచేయి సాధించినది ఆడదిగా మారుతుంది. అందువల్ల ఒకటి పెద్దది, ఒకటి చిన్నది చూసి రెండు పిల్లలను తెస్తే అవే జంటకడతాయి. మూడోది చేరితే దానికి నిలువనీడ ఉండదు. మన్నారు సింధుశాఖలో దొరికే సెబే క్లౌన్ మన తీరపు చేపే అయినా, అది మరింత పెద్దదిగా పెరిగి మరింత గట్టిగా హద్దు కాపాడుకొంటుంది కనుక, చిన్న తొట్టికి తొలి చేపగా తగదు. పిరికి స్వభావం గల ఫైర్‌ఫిష్‌ను కూడా పెంచదలచినవారు దానినే ముందు విడిచి, క్లౌన్ జంటను తర్వాత విడవడం మేలు. ఫైర్‌ఫిష్ బెదిరితే ఎగిరి బయటపడుతుంది గనుక తొట్టికి వల మూత తప్పనిసరి. పగడపు జీవులనే తినే సీతాకోక చేపలను, సజీవమైన సూక్ష్మ కోపిపాడ్‌లను మాత్రమే వెతుక్కొనే మాండరిన్‌ను, 30 సెంటీమీటర్ల దాకా పెరిగే బ్లూ టాంగ్‌ను రంగు చూసి మొదట కొనడం వాటిని చేజేతులా చంపుకోవడమే.

దుకాణంలో చేపను కొంతసేపు కదలకుండా గమనించాలి. రెండు మొప్ప మూతలూ సమంగా ఆడాలి, ఆయాసపడుతున్నట్లు ఉండకూడదు. కళ్లు నిర్మలంగా ఉండాలి. తల వెనుక వీపు కండ లోపలికి పోయి ఉండకూడదు. రెక్కల మీద ఉప్పు పలుకుల వంటి తెల్లని చుక్కలుంటే అది క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి గుర్తు. మేత వేయించి, అది తిన్నాకే డబ్బు ఇవ్వాలి. బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో రాత్రంతా సంచిలో ప్రయాణించే చేప విడిచిన కార్బన్ డయాక్సైడ్ వల్ల ఆ నీటి పీహెచ్ తగ్గి, పేరుకొన్న అమ్మోనియా విషం కాకుండా అణగి ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు పోయి, పీహెచ్ పెరిగి, అమ్మోనియా విషమవుతుంది. రొయ్య పిల్లల సంచులను చెరువులో తేలవేసినట్లే, మూతి విప్పకుండా 15, 20 నిమిషాలు తేలవేసి ఉష్ణోగ్రతను కలపాలి. విప్పాక మాత్రం ఆలస్యం చేయకుండా, అదే సాలినిటీతో సిద్ధంగా ఉంచిన విడి తొట్టిలోకి చేపను మార్చి, నాలుగు నుంచి ఆరు వారాలు పరిశీలనలో ఉంచాలి.

తొట్టిలో పెట్టే రాతికీ హద్దులున్నాయి. రాతి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చారు కనుక సముద్రం నుంచి తీసిన పగడపు రాయిని కొనరాదు. సంగనకల్లు గ్రానైటుకు బ్యాక్టీరియా నిలిచే సన్నని రంధ్రాలు లేవు. సండూరు వైపు ఇనుప ఖనిజపు రాళ్లు అసలే పనికిరావు. రంధ్రాలున్న సిరామిక్ రాళ్లు చాలు.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది, చేప పుట్టిన చోటు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా దిబ్బల్లో సోడియం సైనైడ్ చల్లి, మత్తెక్కిన చేపలను పట్టే అలవాటు దశాబ్దాల నాటిది. అలా పట్టినవి పైకి బాగానే కనిపించి కొన్ని వారాల్లో చనిపోతాయి. 1947లో మద్రాసులో మొదలైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అనేక క్లౌన్ జాతులను హేచరీలో పుట్టించే పద్ధతులను రూపొందించింది. రాతికి అంటించిన గుడ్లను మగచేప రెక్కలతో విసురుతూ కాపాడుతుంది. సుమారు వారానికి పొదిగి వచ్చిన పిల్లలకు మొదట రోటిఫర్లనే సూక్ష్మజీవులను, తర్వాత మన రొయ్యల హేచరీలు వాడే ఆర్టీమియానే మేపుతారు. ఇలా పెరిగిన పిల్లలు మనిషి వేసే మేతకు, తొట్టి గోడలకు మొదటి నుంచే అలవాటుపడి ఉంటాయి. అందువల్ల కొనేవారు ధర కంటే ముందు ఆ చేప ఎక్కడ పుట్టిందో అడగాలి. హేచరీలో పుట్టిందని అమ్మేవాడు చెప్పలేకపోతే దానిని తొలి చేపగా తీసుకోరాదు.