కలివి కంప

శామీర్‌పేట చెరువు దాటాక మా వీధి చివర ఖాళీ ప్లాటును ఈ వారం జేసీబీ పెట్టి చదును చేశారు. కలివి పొదలన్నీ పోయాయి. ‘ముళ్లకంప సార్, పాములుంటయ్’ అన్నాడు డ్రైవర్. సాయంత్రానికి అక్కడే కోనోకార్పస్ మొక్కలు దిగాయి.

ఎండలు ముదిరే రోజుల్లో కలివి పూస్తుంది. గులాబీ రంగు పులుముకున్న మొగ్గలు, విచ్చితే తెల్లటి చిన్న పూలు, అచ్చం మల్లె వాసన. ముక్కు దగ్గర పెట్టబోతే ముల్లు గీరుతుంది. చల్క నేల, గరుసు, బండ సందు, ఏదైనా దానికి సరే. మాగి నల్లబడ్డ పండులోంచి గింజ తీసి వెంటనే నాటాలి, ఎండబెట్టి డబ్బాలో దాస్తే మొలవదు. వేరు పట్టేదాకా నీళ్లు పోసి, ఆ తర్వాత మరిచిపోవాలి. పోస్తూనే ఉంటే ఆకు తప్ప పూత రాదు. పూత కొమ్మ చివర్లకే వస్తుంది. కంచెలా కత్తిరిస్తే వాసనను కత్తిరించినట్టే.

చిన్నప్పుడు బస్టాండులో మోదుగ డొప్పల్లో కలివి పండ్లు అమ్మేవాళ్లు. కాస్త పచ్చివి తగిలితే పాలు అంటి పెదాలు జిగటలు సాగేవి.

ఈ పొద పేరే పెట్టుకున్న పిట్ట ఒకటుంది, కలివికోడి. 1848లో శాస్త్రజ్ఞుల లెక్కలోకి వచ్చింది. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోతే అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే ఈ పిట్టకు దట్టమైన అడవి అక్కర్లేదు. ముళ్లపొదలు కావాలి, పొదకూ పొదకూ నడుమ పరుగెత్తడానికి ఖాళీ నేల కావాలి. బీడు కదా అని అక్కడ వరసగా చెట్లు నాటితే దానికి ఇల్లు పోయినట్టే.

‘ఇంటికో కలివి నాటండి’ అని రాద్దామనే కూర్చున్నాను. పిట్ట గుర్తొచ్చాక ఆ మాట అనబుద్ధి కావడం లేదు. మేడ్చల్ వైపు దీన్ని ఎవరూ నాటనక్కర్లేదు, పండు తిన్న పిట్టలే గింజ వేస్తాయి. ప్లాటు కొన్నవాళ్లు ఒక మూల దున్నకుండా వదిలితే చాలు. ముళ్లంటారా, ఉంటాయి. మా పక్కింటాయన ప్రహరీ మీద గాజుపెంకులు పాతించుకున్నాడు, వాటికైతే పూత కూడా లేదు.