కృతజ్ఞతా కీర్తనలో కానవచ్చు దేవుడు

దేవుడెట్టివాడో వేదాంతగ్రంథములు వివరించునంతటి స్పష్టతతో, పల్లవి యెత్తుకొన్న భక్తుడును చెప్పగలడనుటకు మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే ప్రబల నిదర్శనములు. వానిలోను కృతజ్ఞతా కీర్తనల శిల్పము మిక్కిలి మనోహరమైనది.

ఆ శిల్పమునకు ప్రాణము పల్లవి. కవి చరణములలో తాను పొందిన ప్రాణమును, అన్నమును, పాపక్షమాపణమును ఒక్కొక్కటిగా స్మరించును. కాని యే మేలునొద్దను ఆగిపోక, ప్రతి చరణాంతమునను పల్లవికి మరలి దాతనే సన్నుతించును. మేళ్లనేకములైనను దాత యొక్కడే యను సత్యము ఇట్లు పాట నడకలోనే ఇమిడిపోవుచున్నది. బైబిలులోని 136వ కీర్తన చూడుడు: దాని 26 వచనములును దైవకృప తరుగనిదను నొకే భావముతో ముగియుచు, ఆకాశము, భూమి, సూర్యచంద్రనక్షత్రముల సృష్టిని స్మరించి, ఐగుప్తు విమోచనము మీదుగా నడచి, తుదకు సమస్త ప్రాణులకు లభించు ఆహారముకడకు వచ్చును. నక్షత్రములను నిలిపినవాడే పూటకూటిని గూర్చియు తలపోయుచున్నాడన్నమాట! ఎంత గొప్ప దర్శనము!

ఈ విద్యలో పురుషోత్తమ చౌదరిగారిని (1803–1890) మించినవారు నా దృష్టిలో లేరు. బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొందిన ఆ మహనీయుడు సంస్కృత సమాసములను తెలుగు నుడికారముతో మేళవించి, యతిప్రాసలు చెడకుండ, సభ యంతయు అందుకొని పాడుకొనదగిన రీతిని రచించెను. పశ్చాత్తాపమున కన్నీరు తెప్పించిన ఆ కలమే స్తుతియందు దేవునితో ఎదుట నిలిచినవానితోవలె మాటలాడించును. పులిపాక జగన్నాథముగారి వంటివారును ఈ బాటకు శోభ తెచ్చినవారే.

ఈ కీర్తనలు పాడు కృతజ్ఞత యెట్టిదో సువార్తయే చూపుచున్నది. లూకా సువార్త 17వ అధ్యాయములోని పదిమంది కుష్ఠరోగులలో తిరిగివచ్చి కృతజ్ఞత చెప్పినవాడు సమరయుడొక్కడే. యేసు తక్కిన తొమ్మండుగురు ఎక్కడనని అడిగెనే గాని, వారి స్వస్థతను వెనుకకు తీసికొనెనని సువార్త చెప్పదు. కృతజ్ఞత వరమునకు చెల్లించు వెల కాదు. దేవుడు మొదట ఇచ్చును, మరచినవారికిని ఇచ్చును. తిరిగివచ్చినవానికి మాత్రము ఆ ఇచ్చినవాని ముఖమును చూచు భాగ్యము దక్కును. అంతకంటెను గంభీరమైన దృశ్యమొకటి కలదు: తాను అప్పగింపబడిన రాత్రి, సిలువ ఎదుట నుండగా, యేసు రొట్టె పట్టుకొని కృతజ్ఞతాస్తుతులు చెల్లించెను. కాబట్టి క్రైస్తవ కృతజ్ఞత సుఖమునకు రసీదు కాదు. అంజూరపు చెట్లు పూయకపోయినను, సాలలో పశువులు లేకపోయినను ఆనందింతునన్న హబక్కూకు ప్రవక్త సైతము ఈ మాటకు సాక్షి.

ఇంతటి సంపద కలిగియుండి నేడు మనము వినుచున్నదేమి? సినిమా వరుసలకు దైవనామములను అతికించి, చెవులు చిల్లులు పడు సౌండు బాక్సులలో, ఇల్లిచ్చితివి గనుక స్తోత్రము, వీసా యిచ్చినచో మరింత స్తోత్రమని బేరమాడు పాటలు! వీనిలోని దేవుడు వడ్డీకి తిప్పు షావుకారువలె కనబడునే గాని తండ్రివలె కనబడడు. ఇది కేవలము సంగీతాభిరుచి లోపము కాదు, దేవుని స్వరూపమునకే జరుగుచున్న అపచారము. ప్రాతకీర్తనలు పాడువారు సైతము వేళ మించినదని మొదటి చరణమును, కడపటి చరణమును పాడి ముగించుచున్నారు. నడిమి చరణములు పోయినచో మేళ్ల స్మరణయే పోయినట్లు గదా!

సంఘకాపరులారా, పెద్దలారా, ఈ యేటి కోతపండుగనాడైనను ఒక్క కృతజ్ఞతా కీర్తనను, కీర్తనల పుస్తకమున దాని తలపై ముద్రించిన రాగతాళములతో, చరణమొక్కటియు విడువక, సండే స్కూలు పిల్లలచేత పాడింపుడని చేతులు జోడించి వేడుకొనుచున్నాను.