ఉప్పుమడుల నీడలు

నలుపు తెలుపు ఫొటోను ఇంక్‌జెట్‌లో ప్రింటు తీస్తే ముందుగా పోయేది నీడలోని వివరం. తెర మీద విడివిడిగా కనిపించిన చీర మడతలు కాగితం మీదకొచ్చేసరికి ఒకే నల్లటి ముద్దవుతాయి. తెర తనే వెలుగునిస్తుంది, కాగితం తన మీద పడ్డ వెలుగులో కొంత తిరిగి ఇస్తుంది, అంతే. పైగా సిరా ఇంకి పక్కకు పాకుతుంది, చుక్కల మధ్య సందులు పూడుకుపోతాయి.

సంతబొమ్మాళి మండలం నౌపడ ఉప్పుమడుల్లో తీసే ఫొటోలకు ఈ చిక్కు మరీ ఎక్కువ. ఎండకు ఉప్పుకుప్పలు మెరుస్తుంటాయి, తట్ట నెత్తినెత్తుకున్న మనిషి మొహం తట్ట నీడలో ఉంటుంది. ఇంత తెలుపును చూసిన కెమెరా మీటరు ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది, మొహం ఇంకా చీకటవుతుంది. అందుకే కుప్పల మీది గరుకు చెరిగిపోనంత మేరకు ఎక్స్‌పోజర్ పెంచి, రా ఫైలుగా తీయాలి. కెమెరాకు అందని వివరాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. అంత ఎండలో కష్టపడే మనిషి మొహం ప్రింటులో మసిముద్దగా మిగలడం ఏ విధంగానూ ఒప్పుకోదగ్గది కాదు.

తర్వాత కాగితం సంగతి తేల్చుకోవాలి. కటిక నలుపు 0, తెలుపు 255 అనుకుంటే, 0, 4, 8, 12 అంటూ 40 దాకా గళ్లు వేసి, వాడబోయే కాగితం మీదే ప్రింటు తీసి, ఆరాక, ఫొటో తగిలించే గది వెలుతురులోనే చూడాలి. నలుపు నుంచి తేడా మొదట తెలిసిన గడి ఏదో, ఆ కాగితం మీద వివరం అక్కడే మొదలవుతుంది. మ్యాట్ కాగితంపై నలుపు సాంద్రత సాధారణంగా 1.6 ప్రాంతంలో ఆగిపోతుంది; మంచి గ్లాసీ, బరైటా కాగితాల మీద 2.2 దాటుతుంది.

ఇక కర్వ్స్. షాడోస్ స్లైడరును ఒక్కసారిగా పైకి నెడితే మొహం కనిపిస్తుంది గానీ ఫొటో అంతా బూడిద పూసినట్టవుతుంది. నలుపు కొసను కదపకుండా, దానికి కాస్త పైనున్న భాగాన్నే లేపాలి. అప్పుడు తట్ట అడుగు నల్లగానే ఉంటుంది, దాని కింద కనురెప్ప, చెంప ఎముక తేలతాయి. 8 బిట్‌లో ఇంత లాగితే మెట్లు మెట్లుగా చీలిపోవచ్చు, 16 బిట్ మేలు. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ రూపొందించిన జోన్ పద్ధతిలో వివరం నిలవాల్సిన నీడకు మూడో జోన్ కేటాయించారు. ఫిల్ము పోయినా ఆ లెక్క పోలేదు.

ప్రింటుకు ముందు ఆ కాగితం ప్రొఫైల్‌తో సాఫ్ట్ ప్రూఫ్ చూడాలి, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ ఆన్‌లో ఉంచాలి. మానిటర్ మరీ వెలుగుగా ఉంటే ప్రింటు చీకటిగా వచ్చినట్టే అనిపిస్తుంది. మొహం ఉన్న ముక్కను మాత్రం అసలు సైజులో తీసి చూసుకుంటే పెద్ద కాగితం వృథా కాదు.