చిగురు, పాచి, షిఫ్టు: దంతారోగ్య సందేశాల తెలుగు – గోదావరిఖని నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: చిగుళ్ళ వ్యాధి చికిత్సకు తోడుగా స్మార్ట్ టూత్‌బ్రష్‌లను, మొబైల్ సందేశాలను వాడే పద్ధతి వైద్యరంగంలో బలపడుతున్నది. ఆ సందేశాన్ని వైద్య ఉపకరణంగా మాత్రమే కాక ఒక భాషారచనగా కూడా చదవవలసి ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. సింగరేణి బొగ్గుబెల్టులోని గోదావరిఖని పాఠకుని దృష్టిలో ఉంచుకొని సందేశాల పదజాలాన్ని, కాలభావనను, అవి కోరే విధేయతను పరిశీలిస్తున్నది.

కీలకపదాలు: దంతారోగ్యం, అనువాద తెలుగు, మాండలికం, సింగరేణి, మొబైల్ సందేశం.

ప్రవేశిక

చిగుళ్ళ వ్యాధికి రెండు దశలున్నాయి. మొదటిది చిగురు వాచి రక్తం కారే దశ. శుభ్రత సరిగా ఉంటే ఇది పూర్తిగా నయమవుతుంది. రెండవది పంటిని పట్టి ఉంచే ఎముక కరిగే దశ. ఇక్కడ వైద్యుడు వ్యాధిని ఆపగలడే గాని, పోయిన ఎముకను సాధారణంగా పూర్వస్థితికి తేలేడు. పైన, లోపల పేరుకున్న గారను తొలగించడం ఆసుపత్రిలో జరిగే పని. ఆ తర్వాతి నెలల్లో జరగవలసినదంతా రోగి ఇంట్లో, అద్దం ముందు, ఎవరూ చూడని చోట జరుగుతుంది. స్మార్ట్ బ్రష్, మొబైల్ సందేశం ప్రవేశించింది ఈ ఎవరూ చూడని చోటికే. బ్రష్ పిడిలోని సెన్సర్లు ఎంతసేపు తోమారో, ఎంత గట్టిగా అదిమారో లెక్కకట్టి బ్లూటూత్ ద్వారా ఫోనుకు పంపుతాయి. ఆ లెక్కను బట్టి ఫోను రోగికి ఒక మాట చెబుతుంది.

ఈ 'మాట' ఇంతవరకు సాహిత్య విమర్శ దృష్టికి అంతగా రాలేదు. నిజానికి నేటి తెలుగువారు రోజూ చదివే గద్యంలో కథ కంటే, వ్యాసం కంటే ఇటువంటి రెండు వాక్యాల సందేశాలదే పెద్ద వాటా. బ్యాంకులు, విద్యుత్ సంస్థలు, ఆసుపత్రులు రాస్తున్న ఈ గద్యానికి సంపాదకుడు లేడు, విమర్శకుడూ లేడు.

సాక్ష్యం చెప్పేదెంత?

సందేశాలు పనిచేస్తాయా అన్న ప్రశ్నకు దక్షిణ భారతదేశం నుంచే ఒక గట్టి సమాధానం ఉన్నది. ఆగ్నేయ భారతంలో ఉద్యోగాలు చేసుకుంటున్న, మధుమేహం అంచున ఉన్న 537 మంది పురుషులపై జరిగిన పరిశోధన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. రెండేళ్ళలో మొబైల్ సందేశాలు అందుకున్నవారిలో 18 శాతం మందికి, అందుకోనివారిలో 27 శాతం మందికి మధుమేహం వచ్చింది. ఖరీదైన యంత్రమేదీ లేకుండా కేవలం మాట సాధించిన తేడా ఇది. మధుమేహం, చిగుళ్ళ వ్యాధి ఒకదానినొకటి పెంచుకొనే వ్యాధులు కనుక ఈ ఫలితం మన విషయానికి దూరపుదేమీ కాదు.

యంత్రం సంగతి ఇంత స్పష్టంగా లేదు. విద్యుత్ బ్రష్‌లను మామూలు బ్రష్‌లతో పోల్చిన కాక్రేన్ సమీక్ష 2014లో వచ్చింది. మూడు నెలలు దాటిన వాడకంలో పాచి 21 శాతం, చిగుళ్ళ వాపు 11 శాతం తగ్గినట్లు అది తేల్చింది. మేలు ఉన్నది, అద్భుతం లేదు. పైగా పంటికీ పంటికీ నడుమ సందులను శుభ్రం చేశారో లేదో బ్రష్ సెన్సరుకు తెలియదు. చిగుళ్ళ వ్యాధి తరచు మొదలయ్యేది ఆ సందుల్లోనే. రోగి తంబాకు నమిలాడో లేదో కూడా దానికి తెలియదు. కొలవగలిగినదే చికిత్సగా స్థిరపడే ప్రమాదం ఇక్కడ ఉన్నది.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (లాస్ ఏంజెలెస్), హార్వర్డ్ పరిశోధకులు కలిసి రూపొందించిన 'ఒరాలిటిక్స్' ఈ దిశలో అత్యంత ఆసక్తికరమైన ప్రయత్నం. బ్రష్ నుంచి వచ్చే సమాచారం ఆధారంగా, రోజుకు రెండుసార్లు, ఈ మనిషికి ఇప్పుడు సందేశం పంపాలా వద్దా అని ఒక అల్గారిథం నిర్ణయిస్తుంది. అతిగా పంపితే మనిషి విసిగిపోతాడన్న ఖర్చును కూడా అది లెక్కలో వేసుకుంటుంది. మౌనానికి విలువ కట్టిన యంత్రం అన్నమాట. మన ప్రభుత్వ, ప్రైవేటు సందేశకర్తలు నేర్చుకోదగిన పాఠం ఇదొక్కటైనా చాలు.

పాచి, గార, ఇగురు

తెలుగులోకి వచ్చేసరికి సమస్య మొదటి పదంతోనే మొదలవుతుంది. పంటిపై ఏర్పడే మెత్తటి పొరను ఆరోగ్య సమాచార రచనలు 'దంత ఫలకం' అంటున్నాయి. ఫలకం అనగానే తెలుగు పాఠకునికి మనసులో మెదిలేది శిలాఫలకం, నామఫలకం. గట్టిగా, శాశ్వతంగా, చూడదగినదిగా ఉండే వస్తువు. వేలితో గీకితే వచ్చే జిగట పొరకు ఇంతకంటే తప్పుడు బొమ్మ ఉండదు. ఇంగ్లీషు పదానికి ఉన్న రెండర్థాల్లో అవసరం లేనిదాన్ని ఎంచుకున్న అనువాదమిది. తెలుగులో దీనికి 'పాచి' ఉన్నది. అదే గట్టిపడితే 'గార'. ఈ రెండు పదాల నడుమ ఉన్న తేడా దంతవైద్యం చెప్పే తేడాయే. పాచిని ఇంట్లో తీయవచ్చు, గారను వైద్యుడు తీయాలి.

అయితే 'పాచి' నిర్దోషమైన పదమేమీ కాదు. పాచినోరు, పాచిముఖం అన్న వాడుకల్లో అది తెల్లవారుజామునకు కట్టుబడి ఉన్నది. రాత్రంతా ఊరి, ఉదయం ఒక్కసారి కడిగితే పోయేదన్న భావం అందులో ఇమిడి ఉన్నది. తెలంగాణలో 'మొకం కడుక్కొనుడు' అంటే పండ్లు తోముకోవడం కూడా కలిసే ఉంటుంది. అది పొద్దుటి పని, ఒంటిపూట పని. రాత్రి పడుకొనే ముందు తోముకోమన్న సందేశం ఈ పదం లోపలి అర్థంతో తలపడవలసి వస్తుంది. దీన్ని సంప్రదాయం మీదికి నెట్టడం కూడా తొందరపాటే. అష్టాంగహృదయం సూత్రస్థానం రెండవ అధ్యాయంలోని దినచర్యావిధి ఉదయంతో పాటు భోజనానంతరం కూడా పుల్ల వేయమంటుంది. పుల్ల కొన మెత్తగా ఉండాలనీ, దంతమాంసానికి, అంటే చిగురుకు, నొప్పి తగలరాదనీ హెచ్చరిస్తుంది. రోజుకు రెండుసార్లు, మెత్తగా అన్నది కొత్తగా దిగుమతి అయిన నియమం కాదు. వాడుకలో జారిపోయిన నియమం.

'తోముట' అన్న క్రియ మరొక చిక్కు. పండ్లనూ తోముతాం, గిన్నెలనూ తోముతాం. బూడిదతో, కచ్చికతో, కట్టెబొగ్గు పొడితో, ఉప్పుతో గట్టిగా రుద్దితేనే శుభ్రమన్న నమ్మకానికి ఈ క్రియ ఆశ్రయమిచ్చింది. బొగ్గుగని ఊళ్ళో బొగ్గుపొడి ప్రస్తావన కొంత వింతగా తోచవచ్చును గాని, పంటికి వాడింది పొయ్యిలోని కట్టెబొగ్గే, గనిలోని నేలబొగ్గు కాదు. స్మార్ట్ బ్రష్‌లోని ఒత్తిడి సెన్సరు ఎర్రదీపం వెలిగించి అభ్యంతరం చెబుతున్నది, నిజానికి, ఈ క్రియాపదానికే.

ఇక 'చిగురు'. తెలంగాణలో ఇది 'ఇగురు'. చిగురైనా ఇగురైనా పంటి చుట్టూ ఉండే కండకూ, చెట్టు లేత మొలకకూ ఒకటే మాట. లేతదనం, సున్నితత్వం పదంలోనే ఉన్నాయి. ఒక రచయిత కోరి వెతికినా దొరకని ఈ పోలికను భాష ఉచితంగా ఇచ్చింది. సందేశాలు రాసేవారు మాత్రం దాన్ని వదిలి 'పీరియాడాంటల్ కణజాలం' వెంట పడుతున్నారు.

షిఫ్టు కాలం

గోదావరిఖనిలో గనిని 'బాయి' అంటారు. 'బాయి దిగుడు' అంటే పనిలోకి వెళ్ళడం. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడు షిఫ్టులు. భూగర్భ గనిలోకి దిగేముందు తనిఖీ ఉంటుంది. మీథేన్ వంటి వాయువుల భయం వల్ల బీడీ, అగ్గిపెట్టె లోపలికి పోవు. సెల్‌ఫోనూ పోదు. ఈ ఒక్క వాస్తవం ముందు సందేశ పథకాల ఊహలు చాలావరకు తడబడతాయి. సరిగ్గా సమయం చూసి పంపిన సందేశం పైన మూతబడిన ఫోనులో పడి ఉంటుంది. పొగ నిషిద్ధమైన చోట నమిలే తంబాకు, కైనీ తోడవడం తేలిక. చిగురుకు అసలు శత్రువు ఆ ఎనిమిది గంటల్లోనే దవడలో ఉంటుంది.

'ఉదయం, రాత్రి' అన్న మాటలు ఇక్కడ గడియారంతో కలిసి నడవవు. నైట్ షిఫ్టు కార్మికునికి పడుకొనే ముందన్నది పొద్దెక్కిన తర్వాత. అతనికి రాత్రి తొమ్మిదింటికి వచ్చే "శుభరాత్రి! నిద్రకు ముందు మీరు మీ దంతాలను శుభ్రపరచుకోవడం మరచిపోవద్దు" వంటి సందేశం, వాక్యనిర్మాణంలో తెలుగు కాకపోవడం అటుంచి, అతని జీవితానికి సంబంధించినదే కాదు. 'మీరు మీ' అన్న జంట సర్వనామం తెలుగు వాక్యం మోయదు. దీనికి బదులు ఒక నమూనా ఇలా ఉండవచ్చు: "డ్యూటీ దిగి తిన్నంక, పండుకునే ముందు పండ్లు తోముకోండి. ఇగుర్ల నుంచి నెత్తురు వచ్చినా ఆపకండి, మెల్లగ తోమండి." ఇందులో గడియారం లేదు, పని ఉన్నది. రక్తం కనిపించగానే తోమడం మానేసే సహజ భయానికి జవాబు కూడా ఉన్నది. మాండలికాన్ని ఇంతకు మించి పూయడం మాత్రం కృతకమవుతుంది. అధికార సంస్థ 'అన్నా' అని పిలిస్తే ఈ ఊరి కార్మికుడు ముందు అనుమానిస్తాడు.

బొగ్గుబాయి జీవితాన్ని రాసిన అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి.చంద్ వంటి రచయితల తరువాత ఈ ప్రాంతపు నుడి అచ్చులో నిలిచే ఉన్నది. దానిని ఆరోగ్య సందేశం వాడుకోకపోవడానికి పదాలు లేకపోవడం కారణం కాదు.

మరో మస్టరు

హాజరును ఇక్కడ 'మస్టర్' అంటారు. మస్టరు పడితేనే ఆ రోజు లెక్కలోకి వస్తుంది. స్మార్ట్ బ్రష్ కూడా మస్టరు వేసే యంత్రమే. ఎన్ని నిమిషాలు, ఎంత ఒత్తిడి, ఏ రోజు నాగా అన్నీ రాసుకుంటుంది. లాస్ ఏంజెలెస్‌లో అది స్వచ్ఛంద పరిశోధన. యజమాన్యమే ఆసుపత్రినీ నడిపే ఊళ్ళో అదే యంత్రానికి అర్థం మారుతుంది. సింగరేణిలో కార్మికునికి నిర్ణీత కాలవ్యవధుల్లో వైద్యపరీక్షలుంటాయి. మెడికల్ బోర్డు 'అన్‌ఫిట్' అన్న మాటపై వారసుని ఉద్యోగం ఆధారపడి ఉంటుంది. శరీరం గురించి నమోదయ్యే ప్రతి అంకె కుటుంబ భవిష్యత్తుతో ముడిపడిన చోట, చిగుళ్ళ వ్యాధికీ ఆ బోర్డుకీ సంబంధం లేదని వైద్యునికి తెలిసినంత మాత్రాన చాలదు. అది సందేశంలో, మొదటి సందేశంలోనే, తెలుగులో రాసి ఉండాలి: ఈ లెక్క ఎవరు చూస్తారు, ఎవరు చూడరు, ఎప్పుడు చెరిపేస్తారు.

కాంట్రాక్టు కార్మికుని విషయం వేరు. వేల రూపాయల బ్రష్ అతని చేతికి వచ్చే అవకాశమే తక్కువ. అతనికి మామూలు ఫోను, మామూలు మెత్తటి బ్రష్, వినిపించే సందేశం సరిపోతాయి. 2013 నాటి ఫలితం సాధ్యమని చూపింది కూడా ఇటువంటి చవక మార్గాన్నే. చదవడం రానివారికి, ఉత్తరాది నుంచి వచ్చి హిందీ మాట్లాడేవారికి గొంతు సందేశం అక్షరం కంటే ముందు చేరుతుంది. ఆ గొంతు ఏ తెలుగులో మాట్లాడాలన్నది దంతవైద్యుడు ఒక్కడే తేల్చవలసినది కాదు. పదాలు ఖాయం చేసేటప్పుడు ఊళ్ళోని కళాశాల తెలుగు అధ్యాపకుడు, బాయి దిగి వచ్చిన ఇద్దరు ముగ్గురు కార్మికులు ఆ బల్ల దగ్గర ఉంటే 'ఫలకం' మొదటి రోజే కొట్టివేతకు గురయ్యేది.