జేపెగ్ పద్ధతి: గుణదోష విచారణ

ఛాయాచిత్రముల పరిమాణమును తగ్గించుటకు 1992లో ప్రమాణముగా వెలువడిన జేపెగ్ పద్ధతి నేటికిని విరివిగా వాడుకలో నున్నది. 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావుగారలు ప్రకటించిన కొసైన్ పరివర్తనము దీనికి పునాది. ఈ పద్ధతి చిత్రమును అడ్డము 8, నిలువు 8 బిందువులుగల గళ్ళుగా విభజించి, కంటికి అంతగా తెలియని సూక్ష్మభేదములను విడిచిపెట్టును. వెలుగునీడలను పట్టినంత చక్కగా మన కన్ను రంగుల తేడాలను పట్టజాలదు. ఆ లోపమునే ఉపయోగించుకొనుట ఇందలి నేర్పు. ముఖములకు, చెట్లకు, ఆకాశమునకు ఇది మేలైన పద్ధతియే.

అయితే పాత పుస్తకపు పుటకు ఇదే కొలత పనికిరాదు. మిక్కిలి కుదించినచో అక్షరముల అంచులవద్ద మసక మరకలు ఏర్పడును. తెలుగులో అడుగుగీత ఒక్కటి చెరిగినచో ఫలము పలమగును! నాణ్యత 90 అనగా నూటికి 90 పాళ్ళు మిగులుననుటయు పొరపాటే. మార్చి మరల దాచినకొలది నష్టము పెరుగును. పోయినది తిరిగి రాదు.

కావున పుటలను స్కాన్ చేయునపుడే నష్టములేని పీఎన్‌జీ రూపమున భద్రపరచవలెను. ఛాయాచిత్రమైనచో మూలప్రతిని ముట్టక, నకలులో పొడవు వెడల్పులను సగము చేసిన చాలును. బిందువులు నాలుగవవంతు అగును. చిత్రము దేనికొరకో తెలిసిన పిదపనే దానిని కుదించుట వివేకము.